సర్దుబాటు అయిన నెలలు

నాకు ఫెలోషిప్ వచ్చిందని చెప్పినప్పుడు మా నాయన వెంటనే సంతోషపడలేదు. సిరిసిల్లలో ఆయన సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్మికుడు. ఎన్ని మీటర్ల బట్ట దిగితే అంత కూలి, మరమగ్గం ఆగితే ఏమీ లేదు. అందుకని ఫోన్లో నన్ను తిప్పి తిప్పి అడిగాడు, చదువుకున్నందుకు నెలనెలా డబ్బెందుకిస్తారని. పీహెచ్‌డీ కూడా పనేనని, కాకపోతే ప్రభుత్వం ఇచ్చేదాన్ని జీతం అనరని చెప్పాను. "మరి చేతికి ఎవలిస్తరు బిడ్డా?" అన్నాడు.

దానికి సరైన జవాబు అప్పుడు నాకూ తెలియదు. ఢిల్లీ నుంచి నేరుగా నా ఖాతాలో పడుతుందని చెప్పాను. పడటం నేరుగానే పడుతుంది. కాని పడాలంటే, నేను ఆ నెలంతా వచ్చి పనిచేశానని నెలాఖరున గైడ్ సంతకం చేయాలి. ఆ కాగితం ఫెలోషిప్ సెక్షన్‌కు వెళ్ళాలి. అక్కడ ఒకరు దాన్ని కంప్యూటర్‌లో ఎక్కిస్తే, పై అధికారి సరిచూసి ఒప్పుకోవాలి. అప్పుడు ఢిల్లీ కదులుతుంది. రెండేళ్ళు నిండాక ఒక కమిటీ కూర్చుని పని బాగుందంటే జూనియర్ కాస్తా సీనియర్ అవుతుంది, డబ్బు పెరుగుతుంది. ఎక్కడైనా ఎక్కువ చెల్లించారని తేలితే తరువాతి నెలల్లోంచి సర్దుబాటు చేసుకుంటారు. సర్దుబాటు అన్న మాట నాకు ఆ రోజుల్లో మెత్తగా వినిపించేది, ఇంటికి చుట్టాలొస్తే అందరం జరిగి పడుకున్నట్టు.

మా సంస్థ పంజాగుట్ట చౌరస్తా దాటి ఎర్రమంజిల్ వైపు వెళ్తుంటే లోపలి సందులో ఉంది. నేను మొదట అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. ఒక గదిలో ఆరు మంచాలు. మిగతా అయిదుగురూ కంప్యూటర్ కోర్సులకు వచ్చినవాళ్ళు, మూడు నెలలకొకసారి మారిపోయేవారు. నేను మాత్రం అదే కిటికీ పక్క మంచం మీద ఉండిపోయాను. పెళ్ళయ్యాక ఆ హాస్టల్‌కు రెండు సందుల అవతలే రెండు గదుల పోర్షన్ తీసుకున్నాం. మా ఆయన సనత్‌నగర్‌లో ఒక లేత్ షాపులో సూపర్‌వైజర్. ఆయనకూ దగ్గర, నాకూ దగ్గర. అద్దె నా ఫెలోషిప్ కడుతుందని, మిగతా ఖర్చు ఆయన జీతమని పెళ్ళికి ముందే అనుకున్నాం.

నా పరిశోధన మా ఊరి గురించే. సాంచాల షెడ్లలో పత్తి ధూళి పీల్చి పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తులు ఏమవుతున్నాయన్నది విషయం. ఊపిరి కొలిచే చిన్న యంత్రం ఒకటి చేతిసంచిలో పెట్టుకుని, షెడ్డు షెడ్డుకూ తిరిగి, ఒక్కొక్కరి చేత గట్టిగా ఊదించేదాన్ని. మగ్గాల చప్పుడులో నా మాట వినపడక చేతులతో చూపించేదాన్ని. కొందరు ఊది నవ్వేవారు, కొందరు ఊదలేక దగ్గేవారు. మా నాయన కూడా వరుసలో నిలబడి ఊదాడు. వచ్చిన అంకె పుస్తకంలో రాసుకుని తరువాతి మనిషిని పిలిచాను. ఎంతొచ్చిందని ఆయన అడగలేదు.

మా గైడ్ ప్రజారోగ్యంలో పెద్ద ప్రొఫెసర్. కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన కుటుంబం. ఎప్పుడూ చేనేత చీరలే కట్టేది. సభల్లో నేతన్నల గురించి ఎంత బాగా మాట్లాడేదంటే, మొదటిసారి విన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. నన్ను స్కాలర్‌గా తీసుకున్నది కూడా ఆమే. నా ఇంటర్వ్యూలో తక్కినవాళ్ళు నా ఇంగ్లీషు విని ముఖాలు చూసుకుంటుంటే, ఈ అమ్మాయి నాకు కావాలి, షెడ్లలోకి వెళ్ళగలిగేది ఈమే అని పట్టుబట్టిందట. ఆ మాట ఆమే నాకు తరువాత చాలాసార్లు చెప్పింది.

ఆమె గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. నెలాఖరున టీ వేళకు మమ్మల్ని గదిలోకి పిలిచేది. ఆమె దగ్గర మేం ముగ్గురం స్కాలర్లం. మా హాజరు కాగితాలు బల్ల మీద ఉండేవి, వాటి మీద గాజు బరువు. ఆమె టీ తాగుతూ ఒక్కొక్కరినీ పనెంత వరకూ వచ్చిందని అడిగేది, మేం నిలబడి చెప్పేవాళ్ళం. ఇద్దరివి సంతకం చేసి, మూడోది మళ్ళీ బరువు కింద పెట్టేది. "నీది సోమవారం చూద్దాంలే" అనేది. ఆ మూడోది ఎవరిదవుతుందో ముందుగా తెలిసేది కాదు. సోమవారమంటే సెక్షన్‌లో గడువు దాటిపోవడం, దాటిపోతే ఆ నెల డబ్బు వచ్చే నెల డబ్బుతో కలిసి రావడం. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

నాతో పాటు చేరిన ఒకతను ఉండేవాడు, భీమవరం దగ్గరి వాడు. నెమ్మదైన మనిషి. ఒక నెల వాళ్ళ నాన్నకు గుండె ఆపరేషన్ పెట్టుకున్నారు. ఆ సంగతి ఆమెకు చెప్పి, కొంచెం ముందుగా సంతకం చేయమని అడిగాడు. ఆమె చాలా సానుభూతిగా వింది. ఏ ఆసుపత్రి, ఎవరు డాక్టరు అని అడిగింది. తరువాత అతను రాసిన చాప్టర్ తీసి, మా ముందే పైకి చదవమంది. అతను పలకలేకపోయిన ప్రతి ఇంగ్లీషు మాటనూ ఆపి మళ్ళీ పలికించింది. ఒక మాట దగ్గర అయిదారు సార్లు ఆపింది. అతని చొక్కా వీపు తడిసిపోయింది. చివరికి సంతకం పెట్టి కాగితం ఇస్తూ, నాన్నగారిని అడిగానని చెప్పమంది. థాంక్యూ మేడం అన్నాడతను. మెట్లు దిగుతుంటే నేనేదో అనబోయాను. "వదిలేయండి, సంతకం అయిందిగా" అన్నాడు.

రెండో ఏడు సగంలో నాకు నెల తప్పింది. ఆమెకు చెప్పడానికి చాలా రోజులు భయపడ్డాను. చెప్పినప్పుడు మాత్రం ఆమె కుర్చీలోంచి లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. మా సంస్థలో స్కాలర్లకు ప్రసూతి సెలవు ఉంది, సెలవులో కూడా ఫెలోషిప్ ఆగదు. దానికి దరఖాస్తు రాసుకునే వెళ్ళాను. ఆమె దాన్ని చదివి మడిచి నా చేతికే ఇచ్చింది.

"ఇదెందుకమ్మా ఇప్పుడు? సెలవు పెడితే నీ కమిటీ వెనక్కి పోతుంది, సీనియర్ అవడం లేటవుతుంది. ఇంట్లోనే ఉండి చేయగలిగింది చెయ్యి. హాజరు సంగతి నేను చూసుకుంటాను కదా" అంది.

ఆ రోజు పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా నడిచి వస్తూ నేనెంత తేలిక పడ్డానో ఇప్పటికీ గుర్తుంది. ఆమె గురించి మనసులో అనుకున్నవాటన్నిటికీ సిగ్గుపడ్డాను. దోవలో బండి దగ్గర ఆగి జామకాయ తిన్నాను. సాయంత్రం మా ఆయనకు చెబితే ఆయనా సంతోషించాడు. పెద్ద మనిషి అన్నాడు.

చేయగలిగిన పని అంటే ఏమిటో వారంలోనే తెలిసింది. ఆమెకు వేరే ప్రాజెక్టు ఒకటి ఉంది, దాని నివేదిక ఆలస్యమైంది. ఆ అంకెలన్నీ పెన్‌డ్రైవ్‌లో నాకు పంపించింది. ఎనిమిదో నెలలో కూర్చోలేక, గోడకు దిండు ఆనించుకుని లాప్‌టాప్ పొట్ట మీద పెట్టుకుని పట్టికలు వేశాను. ఎర్రమంజిల్ దగ్గరి ఆసుపత్రిలో పాప పుట్టింది. కుట్లు ఇంకా ఆరకముందే ఆమె నుంచి ఫోన్. పాప ఎలా ఉందని అడిగి, మూడో అధ్యాయం పట్టికలు ఎప్పుడొస్తాయని అడిగింది. ఆమె ఏదీ రాసి పంపేది కాదు, ఫోన్ చేసేది. నెలాఖరున భీమవరం అతను హాజరు కాగితం మా ఇంటికి తెచ్చేవాడు. నేను సంతకం పెడితే తీసుకెళ్ళి ఆమె చేత పెట్టించి సెక్షన్‌లో ఇచ్చేవాడు. పాపకు ఒకసారి ఉన్ని టోపీ తెచ్చాడు. ఫెలోషిప్ ప్రతి నెలా పడింది, ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. అంత సజావుగా అంతకు ముందెన్నడూ రాలేదు.

పాపకు ఆరో నెల వచ్చాక తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాను. పక్క పోర్షన్‌లో ఉండే పెద్దావిడ పాపను చూసుకునేది. అప్పటికి మా ఊరి షెడ్ల మీద నా వ్యాసం పూర్తయింది. పత్రికకు పంపేముందు ఆమెకిచ్చాను. రెండు రోజుల తరువాత పిలిచి, చాలా బాగా రాశావంది. అక్కడక్కడా దిద్దింది. మొదటి పేజీలో నా పేరుకూ తన పేరుకూ మధ్య ఇంకొక పేరు రాసి ఉంది. అది వాళ్ళ అమ్మాయి పేరు. డిగ్రీ చదువుతోంది. ఢిల్లీలో ఒక పెద్ద యూనివర్సిటీలో పీజీకి దరఖాస్తు చేస్తోందని, ఒక పేపరుంటే మంచిదని అంది, మార్కెట్‌కు వెళ్తే కొత్తిమీర కూడా తెమ్మన్నంత మామూలుగా.

నేను అంతకు ముందు ఆమెకు దేనికీ కాదనలేదు. కాదనాలని కూడా అనుకోలేదు. కాని మాట బయటికి వచ్చేసింది.

"మీ బిడ్డ ఒక్క షెడ్డు సుత చూడలే కద మేడం" అన్నాను. "మా నాయన ఊపిరి సుత ఉన్నది గందుల."

ఆమె నా వైపు కాకుండా వ్యాసం వైపు చూసింది. "అది సెంటిమెంటమ్మా, సైన్స్ కాదు" అంది. పెన్ను మూత పెట్టి, సరేలే నీ ఇష్టం అని కాగితాలు నాకిచ్చేసింది. కోపం ఏమీ కనపడలేదు. తలుపు దాకా వచ్చి, పాపకు జలుబు తగ్గిందా అని కూడా అడిగింది.

నెలాఖరున నా ఖాతాలో ఏమీ పడలేదు. వచ్చే నెలతో కలిసి వస్తుందిలే అనుకున్నాను. ఆ నెలా రాలేదు. సెక్షన్‌కు వెళ్ళాను. అక్కడి సూపరింటెండెంట్ రిటైర్మెంట్‌కు దగ్గరపడిన మనిషి, మా కరీంనగర్ వైపు ఆయనే. అందరినీ బిడ్డా అని పిలుస్తాడు. నా ఫైలు తీసి, చూసి, నన్ను కూర్చోమన్నాడు. నేను ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా అనుమతి లేకుండా గైర్హాజరయ్యానని, ఆ నెలలకు చెల్లించిన ఫెలోషిప్ తిరిగి సర్దుబాటు చేయాలని మా గైడ్ రాసిందట. హాజరు కాగితాల మీద ఆమె సంతకం లేదా అని అడిగాను.

"గా కాగితాల మీద ఆమె సంతకమే ఉన్నది, గీ చిట్టీ మీద సుత ఆమె సంతకమే ఉన్నది" అన్నాడాయన. "నేను ఎనకొచ్చిందాన్నే సూడాలె బిడ్డా. రూలు గట్లుంది."

ప్రసూతి సెలవు ఇప్పుడు పెట్టుకోవచ్చా అని అడిగాను. పెట్టుకోవచ్చట, వెనక తేదీల నుంచి కూడా ఇచ్చిన సందర్భాలున్నాయట. కాకపోతే దాని మీద ముందు గైడ్ సిఫారసు ఉండాలి. అంటూనే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఇక చెప్పేదేమీ లేదని నాకు అర్థమైంది.

దరఖాస్తు పట్టుకుని మళ్ళీ ఆమె గదికి వెళ్ళాను. అప్పుడు పెట్టని సెలవును ఇప్పుడు పెట్టించడం పద్ధతి కాదని, అలాంటి వాటి మీద తను సంతకం చేయలేనని అంది. మీరే వద్దన్నారు కదా మేడం అన్నాను. "నేనా? నేను ఎందుకంటానమ్మా?" అంది. ఆ ఆశ్చర్యం ఎంత సహజంగా ఉందంటే, ఒక్క క్షణం నా జ్ఞాపకం మీద నాకే అనుమానం వచ్చింది.

ఫిర్యాదుల కమిటీకి రాయమన్నది మా ఆయనే. ఆయన కోపం వేరే రకంగా ఉంది. షాపులో ఎవరి కూలైనా ఎగ్గొడితే లేబర్ ఆఫీసుకు పోతారట. "పనిజేపిచ్చుకుంటరు, పైసలియ్యరు. మీకు లేదా గసుంటి ఆఫీసు?" అని అడిగాడు. లేదని చెప్పాను. మేం కార్మికులం కాదు, ఉద్యోగులం కాదు. మాకిచ్చేది సాయం. సాయం ఆపితే అడగడానికి ఏ చట్టం ఉందో నాకు తెలియలేదు.

కమిటీ ఒక మధ్యాహ్నం పాత సెమినార్ గదిలో కూర్చుంది. ముగ్గురు ప్రొఫెసర్లు, వాళ్ళలో పెద్దాయన అధ్యక్షుడు. మా గైడ్ ఒక పక్క, నేను ఒక పక్క. నేను పాప జనన ధ్రువపత్రం, ఆసుపత్రి కాగితాలు తీసుకెళ్ళాను. నిజంగానే పురుడు పోసుకున్నానని, సెలవుకు నాకు హక్కుందని చూపిస్తే చాలనుకున్నాను. అధ్యక్షుడు ఆ ధ్రువపత్రాన్ని చాలా సేపు చూశాడు. తరువాత నా హాజరు కాగితం తీసి దాని పక్కన పెట్టాడు.

"పాప పుట్టిన రోజున మీరు ఆసుపత్రిలో ఉన్నారు. అదే రోజుకు ఇక్కడ హాజరైనట్టు మీ సంతకం ఉంది" అన్నాడు. "ఇది మీ సంతకమేనా?"

నాదే అన్నాను. ఇంట్లో ఉండి పనిచేశానని, పంపిన పట్టికలన్నీ మెయిల్‌లో ఉన్నాయని చెప్పాను. ముద్రించి తీసుకెళ్ళిన ఆ మెయిళ్ళు వాళ్ళు తిరగేశారు. అవి నా థీసిస్ పని కాదని, మేడం ప్రాజెక్టు పని అని, ఫెలోషిప్ ఇచ్చేది థీసిస్ పనికి మాత్రమేనని ఒకాయన చెప్పాడు. మేడం పని ఎందుకు చేశారని కూడా అడిగాడు.

కాగితాలు ఇంటికి తెచ్చి సంతకం పెట్టించుకున్నదెవరని అడిగితే భీమవరం అతని పేరు చెప్పాను. అతన్ని పిలిపించారు. అతను లోపలికి వచ్చి తలుపు పక్కనే నిలబడ్డాడు. అతని కమిటీ వెనకపడి ఆ నెలకు వచ్చింది, సీనియర్ అవడానికి ఫైలు ఆమె బల్ల మీదే ఉంది. నాకూ తెలుసు ఆ సంగతి. మీరు ఈమె ఇంటికి కాగితాలు తీసుకెళ్ళారా అని అధ్యక్షుడు అడిగాడు. అతను నా వైపు చూడలేదు. "గుర్తు లేదండి" అన్నాడు. వెళ్ళవచ్చన్నారు, వెళ్ళిపోయాడు.

ఆఖరున మా గైడ్ మాట్లాడింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆడపిల్ల ఇబ్బందుల్లో ఉందని జాలిపడి హాజరు సంతకాలు పెట్టానని, అది తన తప్పేనని, కమిటీ ఏ చర్య తీసుకున్నా ఒప్పుకుంటానని అంది. గొంతు కొంచెం వణికింది. అధ్యక్షుడు మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాడు. "మీ మంచితనం వల్ల వచ్చిన చిక్కు మేడం ఇది" అన్నాడు. నా వైపు తిరిగి, ఇది నిజానికి చాలా పెద్ద నేరమని, మేడం అడిగారు కాబట్టి క్రమశిక్షణ చర్య లేకుండా సర్దుబాటుతో సరిపెడుతున్నామని చెప్పాడు. నేను బిడ్డను కన్నట్టు రుజువు చేసిన కాగితంతోనే నన్ను దొంగను చేశారు. ఆమెకు థాంక్యూ చెప్పమన్నారు. చెప్పాను.

అప్పటి నుంచి నెల నెలా నా ఫెలోషిప్ ఢిల్లీ లెక్కల్లో వచ్చినట్టే వచ్చి, పాత బాకీ కింద పోయేది. నా ఖాతాలోకి ఏదీ వచ్చేది కాదు. మానేద్దామంటే మొత్తం ఒకేసారి కట్టాలి. పోనీ రాకుండా ఉందామంటే ఆ రోజులు కూడా గైర్హాజరు కింద కలుస్తాయి. అందుకని రోజూ వెళ్ళాను. ఆమె గదిలో నా కోసం వేరే రిజిస్టర్ పెట్టింది, వచ్చినప్పుడూ పోయేటప్పుడూ ఆమె ఎదుట సంతకం. పొద్దున బస్సుకు కూడా డబ్బు పెట్టకుండా నడిచేదాన్ని. మెట్రో స్తంభాల నీడలో అమీర్‌పేట పిల్లలు కోర్సుల కరపత్రాలు చేతిలో పెట్టేవారు, ఉద్యోగం గ్యారంటీ అని. కొన్నిసార్లు తీసుకుని చదివేదాన్ని.

పాప ఇంకా పాలు తాగుతోంది. మధ్యాహ్నానికి రొమ్ములు గట్టిపడి నొప్పి పెట్టేవి. బాత్రూంలో పిండి పారబోసేదాన్ని. ఒక్కోసారి చున్నీ కింద కుర్తా తడిసిపోయేది. ఒక రోజు ఎవరో బయటి అతిథులు మా విభాగం చూడటానికి వస్తున్నారు. ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి, వంగి, ఎవరికీ వినపడకుండా చెప్పింది. "వాసన వస్తోందమ్మా. వాళ్ళు వెళ్ళేదాకా లైబ్రరీలో కూర్చో." లైబ్రరీలో కూర్చున్నాను. అద్దాల్లోంచి చూస్తే ఆమె ఆ అతిథులకు గోడ మీది ఫొటోలు చూపిస్తోంది. సాంచాల షెడ్లవి, నేను తీసినవి.

ఇంటద్దె మా ఆయన ఓవర్‌టైమ్‌తో కట్టాడు. ఆయన ముఖం పీక్కుపోయింది, మాటలు తగ్గాయి. మా నాయనకు ఫెలోషిప్ ఆలస్యమవుతోందని మాత్రమే చెప్పాను. సర్కారు సంగతి గంతే బిడ్డా అని, తన కూలిలోంచి పాప పాలకని నాకు డబ్బు పంపాడు. దగ్గు ఫోన్లోనే వినిపించేది. ఆ డబ్బు వెనక్కి పంపాలనుకున్నాను. పంపలేదు, అవసరం ఉండింది.

అలా కొన్ని నెలలు గడిచాక నేను ఓడిపోయాను. నన్ను సీనియర్‌ను చేసే కమిటీ కూర్చోవాలంటే ఆమె రాయాలి, ఆమె రాయడం లేదు. ఒక రాత్రంతా మేలుకుని ఆలోచించేంత బలం కూడా లేదు. పొద్దున్నే వంట చేస్తూ నిర్ణయించుకున్నాను. వ్యాసం మొదటి పేజీలో వాళ్ళ అమ్మాయి పేరు నేనే ఎక్కించి, ప్రింటు తీసి, ఆమె గదికి వెళ్ళి బల్ల మీద పెట్టాను. ఆమె చూసింది. అర్థమైంది. నవ్వింది, నిజంగా దయగా.

"ఇప్పుడెందుకమ్మా ఇది? మా అమ్మాయి లా కోర్సు చేస్తానంటోంది. దానికి ఇది పనికిరాదు. నీ పేపర్ నువ్వే ఉంచుకో" అంది.

ఆ కాగితం తిరిగి చేతిలోకి తీసుకోవడం నాకు అప్పటిదాకా జరిగినవన్నిటికంటే కష్టమైంది. ఒకరు అడిగినప్పుడు ఇవ్వనన్న వస్తువును మనంతట మనమే తీసుకెళ్ళి ఇస్తే, అక్కర్లేదన్నారు. సెక్షన్‌కు రాసిన చిట్టీ సంగతి అడిగాను. అది అయిపోయిన విషయం కదా అంది.

సర్దుబాటు పూర్తయ్యేదాకా కమిటీ జరగలేదు. జరిగాక సీనియర్‌ను చేశారు. ఏ తేదీ నుంచి అంటే, సర్దుబాటు ముగిసిన తేదీ నుంచి. రెండేళ్ళు నిండినప్పటి నుంచి రావలసిన తేడా రాదా అని సూపరింటెండెంట్‌ను అడిగితే, సీనియర్‌వైన రోజు కెల్లే లెక్క కదా బిడ్డా అన్నాడు. ఆయన ఆ ఏడాదే రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో నేను చప్పట్లు కొట్టాను.

థీసిస్ రాసి ఇచ్చినప్పుడు కృతజ్ఞతల పేజీ ఆమె స్వయంగా దిద్దింది. షెడ్లలో ఊదిన కార్మికుల గురించి నేను ముందు రాసి, ఆమె గురించి తరువాత రాశాను. ఆమె వరస మార్చింది. ముందు గైడ్, తరువాత సంస్థ, తరువాత కుటుంబం. కార్మికుల వాక్యాన్ని కొట్టేసి, వీళ్ళను మొదటి అధ్యాయంలో ఎలాగూ శాంపిల్ అని రాశావు కదా అంది. మళ్ళీ టైప్ చేయించి ఇచ్చాను. అలా చేయకపోతే థీసిస్ ముందుకు కదలదు.

వైవా రోజున గది నిండింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు రెండు మంచి ప్రశ్నలు వేశాడు, జవాబులు చెప్పాను. డిగ్రీ ఇవ్వవచ్చని ప్రకటించాక మా గైడ్ లేచి మాట్లాడింది. సాంచాల మోత మధ్య పెరిగిన పిల్ల ఇక్కడిదాకా వచ్చిందంది. మధ్యలో పురుడు వచ్చిందని, అప్పుడు తనే ఇంట్లో ఉండమని చెప్పి కనిపెట్టుకుని ఉన్నానని, తన కూతురికీ నాకూ తేడా చూడలేదని అంది. ముందు వరసలో ఫిర్యాదుల కమిటీ అధ్యక్షుడు కూడా ఉన్నాడు. తను ఇంట్లో ఉండమన్నానని ఆమె ఆయన ఎదుటే చెప్పింది. ఆయన తలూపుతూ అందరికంటే ఎక్కువ సేపు చప్పట్లు కొట్టాడు. ఏం వింటున్నాడో ఆయనకు తట్టలేదు. తట్టినా తట్టనట్టే ఉన్నాడేమో, నాకు తెలియదు. ఆమె నన్ను దగ్గరికి తీసుకుంది. ఫొటో తీశారు. ఆ ఫొటోలో నేను నవ్వుతున్నాను.

భోజనాల దగ్గర భీమవరం అతను ప్లేటు పట్టుకుని నా పక్కకు వచ్చాడు. అప్పటికే అతనికి ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చింది. చాలా సేపు అన్నం కెలికి, ఆ రోజు నేను చెప్పాల్సిందండీ అన్నాడు. "చెప్తే మీది సుత ఆగేది" అన్నాను. అతని ముఖం తేలికపడింది. నేను అన్నది జరిగేదాని గురించి మాత్రమే. అతను దాన్ని క్షమించడంగా తీసుకున్నాడు. నేను సరిదిద్దలేదు. పెరుగు కూడా వేసుకుని కడుపునిండా తిన్నాడు.

మా ఆయన పాపను ఎత్తుకుని బయట గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. షాపు నుంచి నేరుగా వచ్చాడు, చేతులకు ఇంకా ఆయిల్ నలుపు ఉంది. అయిపోయిందా అని అడిగాడు. అయిపోయిందన్నాను. మేడం ఏమన్నదని అడిగాడు. తన బిడ్డ లెక్క చూసుకున్నానన్నదని చెప్పాను.

ఆయన నా ముఖం వైపు కొంచెం సేపు చూశాడు. పాపను ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. "పోదాం పా" అన్నాడు.